అణుబాంబు పరీక్షల్లో సైనికులకు తగిలిన రేడియేషన్ ఎంత? 70 ఏళ్ల తర్వాత లెక్క ఎలా కడుతున్నారంటే..

కళ్లు గట్టిగా మూసుకున్నారు. మూసిన కళ్లకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. అయినా ఆ వెలుగులో తమ చేతి ఎముకలు తమకే కనిపించాయి.. అమెరికా అణు పరీక్షల్లో పాల్గొన్న మాజీ సైనికులు చాలామంది చెప్పే మాట ఇది. నెవాడా ఎడారిలో కందకాల్లో కూర్చున్నవాళ్లదీ, పసిఫిక్ సముద్రంలో నౌకల డెక్‌పై నిలబడ్డవాళ్లదీ ఇదే జ్ఞాపకం.

ఆ తర్వాత వాళ్లు ఇళ్లకు వెళ్లిపోయారు. ఉద్యోగాలు, పెళ్లిళ్లు, పిల్లలు.. జీవితం మామూలుగానే నడిచింది. ఇరవై ముప్పై ఏళ్లకు కొందరికి క్యాన్సర్ బయటపడింది. 'ఆ రోజు బాంబు దగ్గర డ్యూటీ చేసినందుకే ఇది వచ్చింది' అని ప్రభుత్వాన్ని పరిహారం అడిగితే, అవతలి నుంచి వచ్చిన ప్రశ్న ఒక్కటే. "నీకు ఎంత డోసు తగిలింది?"

దీనికి జవాబు చెప్పే కాగితం చాలామంది దగ్గర లేదు. చాలా కేసుల్లో ప్రభుత్వం దగ్గరా లేదు. అందుకే దశాబ్దాల తర్వాత పాత రికార్డులు, నౌకల లాగ్‌బుక్‌లు, ఫిజిక్స్ సూత్రాలు కలిపి ఆ నంబర్‌ను మళ్లీ తయారు చేస్తున్నారు. దీన్నే 'డోస్ రీకన్‌స్ట్రక్షన్' అంటారు. పింఛను వస్తుందా రాదా అన్నది చాలాసార్లు ఈ ఒక్క నంబర్ మీదే ఆధారపడుతుంది. అసలు ఈ లెక్క ఎలా కడతారు? దీన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

రెండు లక్షల మంది.. బ్యాడ్జీలు మాత్రం కొందరికే

1945 జులై 16న న్యూ మెక్సికోలో జరిగిన ట్రినిటీ పరీక్షతో మొదలుపెట్టి 1962 వరకు అమెరికా భూమిపైన, గాల్లో, నీటిలో వరుసగా అణుబాంబులు పేల్చింది. ఈ పరీక్షల్లో పాల్గొన్న సైనికులు, రక్షణ శాఖ సిబ్బంది రెండు లక్షలకు పైమాటే. హిరోషిమా, నాగసాకిల్లో యుద్ధం ముగిశాక డ్యూటీ చేసినవాళ్లను కూడా కలిపితే ఈ సంఖ్య దాదాపు రెట్టింపవుతుంది. వీళ్లనే 'అటామిక్ వెటరన్స్' అని పిలుస్తారు.

రేడియేషన్‌ను కొలవడానికి అప్పట్లో వాడింది ఫిల్మ్ బ్యాడ్జ్. మన దగ్గర హాస్పిటళ్లలో ఎక్స్-రే రూమ్ టెక్నీషియన్ల చొక్కాకు చిన్న బ్యాడ్జ్ ఒకటి వేలాడుతుంటుంది కదా.. దానికి పూర్వీకుడు అనుకోవచ్చు. లోపల చిన్న ఫొటో ఫిల్మ్ ముక్క ఉంటుంది. రేడియేషన్ తగిలితే అది నల్లబడుతుంది. ఎంత నల్లబడితే అంత డోసు. వినడానికి సింపుల్‌గానే ఉంది. కానీ పసిఫిక్ దీవుల ఉక్కపోతకు, తేమకు కూడా ఫిల్మ్ నల్లబడేది. అంటే కొన్ని బ్యాడ్జీల్లో కనిపించే నలుపు రేడియేషన్ వల్లనా, వాతావరణం వల్లనా అన్నది ఇప్పుడు విడదీసి చూడాలి.

అసలు చిక్కు అది కూడా కాదు. బ్యాడ్జీలు అందరికీ ఇవ్వలేదు. 1946లో బికినీ దీవుల దగ్గర జరిగిన 'ఆపరేషన్ క్రాస్‌రోడ్స్'లో సుమారు 42 వేల మంది పాల్గొంటే, బ్యాడ్జ్ దక్కింది దాదాపు 15 శాతం మందికే. నెవాడాలో మొదట్లో ప్లటూన్ మొత్తానికి కలిపి ఒకటో రెండో ఇచ్చేవాళ్లు. ఆ ఒక్కడికి ఎంత తగిలితే మిగతావాళ్లకూ అంతే తగిలిందనుకోవాలి! పక్కపక్కనే నడిచినవాళ్లకైతే ఫర్వాలేదు. కానీ ఒకడు జీపులో కూర్చుని, ఇంకొకడు దుమ్ములో పాకితే?

బికినీలో ఏం జరిగింది?

1946 జులై 25. 'బేకర్' అనే బాంబును సముద్రంలో దాదాపు 90 అడుగుల లోతున పేల్చారు. నీళ్లు గోడలా పైకి లేచి, రేడియోధార్మిక పదార్థాలతో కలిసి, అక్కడ లంగరు వేసి ఉంచిన టార్గెట్ నౌకల మీద కురిశాయి. ఆ నౌకల్ని శుభ్రం చేయమని నావికుల్ని పంపారు. సబ్బు నీళ్లు, లై, చివరికి పొడి కొట్టిన కొబ్బరి చిప్పలతో కూడా రుద్ది చూశారు. తుప్పు, పెయింట్ పొరల్లో ఇంకిపోయిన రేడియోధార్మికత మాత్రం వదల్లేదు.

అంతటితో ఆగలేదు. దూరంగా ఉన్న సహాయక నౌకలు కూడా అదే లగూన్‌లో తిరుగుతున్నాయి. అదే నీటిని తోడి, మరగబెట్టి మంచినీళ్లు చేసుకుంటున్నాయి. ఆ యంత్రాల పైపుల్లో, నౌక అడుగున పట్టిన నాచులో రేడియోధార్మికత పేరుకుపోయింది. ప్లుటోనియం సంగతి ఇంకా ఘోరం. అది విడుదల చేసే ఆల్ఫా కణాల్ని నావికుల చేతుల్లోని గైగర్ కౌంటర్లు పట్టలేవు. మీటర్ కదల్లేదంటే అక్కడ ఏమీ లేదని కాదన్నమాట.

రేడియేషన్ భద్రత చూసే కల్నల్ స్టాఫర్డ్ వారెన్ 'ఇక ఆపేయండి' అని పట్టుబట్టారు. నౌకాదళ అధికారులు వినలేదు. చివరికి ఆయన ఒక చేప ఫొటో తెచ్చి చూపించారు. దాన్ని కెమెరాతో తీయలేదు. లగూన్‌లో పట్టిన చేపను ఫిల్మ్ మీద పెడితే, దాని ఒంట్లోని రేడియోధార్మికతకే ఫిల్మ్ మీద చేప బొమ్మ పడింది. ఆగస్టు 10న శుభ్రం చేసే పని నిలిచిపోయింది. తర్వాత చేయాల్సిన మూడో పరీక్ష కూడా రద్దయింది.

ఇప్పుడు ఆలోచించండి. ఆ రెండు వారాల్లో ఒక నావికుడు ఏ రోజు ఏ నౌక ఎక్కాడు, డెక్ మీద ఎన్ని గంటలు రుద్దాడు, కింద క్యాబిన్‌లో ఎంతసేపు పడుకున్నాడు.. వీటన్నింటినీ బట్టి అతని డోసు మారిపోతుంది.

మంటల్లో కాలిపోయిన ఫైళ్లు

సరే, రికార్డులు చూద్దామంటే అక్కడ ఇంకో దెబ్బ. 1973 జులై 12న సెయింట్ లూయిస్‌లోని సైనిక రికార్డుల భవనంలో భారీ అగ్నిప్రమాదం జరిగింది. 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల ఫైళ్లు బూడిదయ్యాయి. 1912 నవంబర్ నుంచి 1960 వరకు ఆర్మీ నుంచి రిలీవ్ అయినవాళ్ల ఫైళ్లలో 80 శాతం దాకా పోయాయి. ఎయిర్‌ఫోర్స్ ఫైళ్లూ పెద్ద సంఖ్యలో కాలిపోయాయి. తేదీలు చూస్తే అర్థమవుతుంది.. అణు పరీక్షల కాలం దాదాపు మొత్తం ఇందులోనే ఉంది.

పైగా ఈ సైనికుల చేత 'బయట నోరు విప్పం' అని ప్రమాణం చేయించారు. కొందరు భార్యకు కూడా చెప్పలేదు. డాక్టర్‌కు కూడా చెప్పలేదు. ఆ రహస్య ఒప్పందాలను అమెరికా కాంగ్రెస్ రద్దు చేసింది 1996లో. అప్పటికే చాలామంది లేరు. అంటే ఫైలు కాలిపోయింది, మనిషి నోరు విప్పలేదు. మిగిలిన ఆధారాలతోనే లెక్క మొదలుపెట్టాలి.

9 కేసులు.. దేశాన్ని కుదిపిన లెక్క

1957 ఆగస్టు 31న నెవాడాలో 'స్మోకీ' అనే బాంబు పేలింది. 44 కిలోటన్నులు. హిరోషిమా బాంబుకు దాదాపు మూడు రెట్లు. ఆ పేలుడు చూసిన ఒక సైనికుడికి 1970ల్లో లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్ రావడంతో అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ తీగ లాగింది. స్మోకీ పరీక్షలో పాల్గొన్న 3,224 మందిని వెతికి పట్టుకుని చూస్తే 9 మందికి లుకేమియా తేలింది. అదే వయసు సాధారణ జనంలో అయితే 3 లేదా 4 కేసులే ఉండాలి. 1980లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి.

ఇక్కడే సైంటిస్టులు తలలు పట్టుకున్నారు. ఎందుకంటే బ్యాడ్జీల ప్రకారం వీళ్ల సగటు డోసు అర రెమ్ కూడా లేదు. ఒక రెమ్ అంటే 10 మిల్లీసీవర్టులు. మనందరికీ మట్టి, గాలి, ఆకాశం నుంచి ఏటా సహజంగా తగిలేదే 2.4 మిల్లీసీవర్టుల దాకా ఉంటుంది. అంటే రెండేళ్ల సహజ రేడియేషన్‌కు సమానమైన డోసు. అంత చిన్న డోసుకు లుకేమియా రెట్టింపు దాటకూడదు. అయితే ఇది కాకతాళీయం కావాలి, లేదా బ్యాడ్జీ లెక్కే తప్పు కావాలి. ఈ ప్రశ్న వల్లే డోస్ లెక్కల వ్యవహారం పెద్దదైంది. 1978లో పెంటగాన్ 'న్యూక్లియర్ టెస్ట్ పర్సనల్ రివ్యూ' అనే కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. ఎవరు ఎక్కడున్నారు, ఎంత తగిలింది అన్నది తేల్చడమే దాని పని. ఇప్పుడు దీన్ని రక్షణ శాఖలోని డిఫెన్స్ థ్రెట్ రిడక్షన్ ఏజెన్సీ నడుపుతోంది.

లెక్క ఎలా కడతారు?

మొదటి పని మనిషి కథ రాయడం. దీన్ని 'సినారియో' అంటారు. ఏ యూనిట్, ఏ నౌక, బాంబుకు ఎంత దూరం, పేలాక ఎన్ని గంటలకు ఆ ప్రాంతంలోకి వెళ్లాడు, ఎంతసేపు ఉన్నాడు.. ఉదయం రిపోర్టులు, లాగ్‌బుక్‌లు, తోటివాళ్ల మాటలు కలిపి ఈ కథ అల్లుతారు.

ఆ తర్వాత రేడియేషన్ మ్యాప్. పరీక్ష జరిగిన ప్రతిసారీ మీటర్లు పట్టుకున్న టీమ్‌లు ఆ ప్రాంతమంతా తిరిగి రీడింగ్‌లు రాసుకున్నాయి. ఆ రీడింగ్ తీసిన టైమ్ వేరు, సైనికుడు అక్కడున్న టైమ్ వేరు. ఈ రెండింటినీ కలపడానికి ఒక మంచి సూత్రం ఉంది. బాంబు నుంచి వచ్చిన అణుధూళి తీవ్రత చాలా వేగంగా తగ్గుతుంది. గడిచిన సమయం 7 రెట్లయితే రేడియేషన్ పదో వంతుకు పడిపోతుంది. పేలిన గంటకు 1000 ఉంటే, 7 గంటలకు 100, రెండు రోజులకు 10, రెండు వారాలకు 1.

దీన్నే ఒక ఉదాహరణతో చూద్దాం. పేలిన గంటకు ఒకచోట గంటకు 1000 మిల్లీరెమ్ చొప్పున రేడియేషన్ ఉందనుకోండి. సరిగ్గా అప్పుడు వెళ్లి అరగంట ఉన్న సైనికుడికి తగిలేది సుమారు 390 మిల్లీరెమ్. అదే మనిషి ఇంకో గంట ఆలస్యంగా వెళ్లి, అదే అరగంట ఉంటే 190 మాత్రమే. అంటే ఒక్క గంట తేడాతో డోసు సగానికి సగం పడిపోయింది! ఇప్పుడు 80 ఏళ్ల పెద్దాయనను కూర్చోబెట్టి 'మీరు వెళ్లింది పొద్దున ఏడుకా, ఎనిమిదికా?' అని అడిగితే ఏం చెప్తాడు?

ఇది బయటి నుంచి తగిలే గామా కిరణాల సంగతి. మిగతావి ఇంకా కష్టం. బాంబు పేలిన క్షణంలో వచ్చే న్యూట్రాన్లను అప్పటి మామూలు ఫిల్మ్ బ్యాడ్జ్ సరిగా పట్టదు. దూరాన్ని బట్టి లెక్కకట్టాల్సిందే. చర్మం మీద పడిన దుమ్ము నుంచి వచ్చే బీటా కణాలది మరో కథ. చర్మ క్యాన్సర్ కేసు వస్తే అది ముక్కు మీదా, చెవి మీదా, మెడ మీదా అన్నది కూడా చూస్తారు. నేల నుంచి ఎంత ఎత్తు, బట్ట కప్పి ఉందా లేదా, ఎన్నాళ్లకు స్నానం దొరికింది.. అన్నీ లెక్కలోకి వస్తాయి.

ఇక పీల్చిన దుమ్ము. సైనికుల వాదన ఎక్కువగా దీని చుట్టూనే తిరుగుతుంది. నెవాడాలో ఒకే నేల మీద బాంబు తర్వాత బాంబు పేల్చారు. పాత బాంబుల ధూళి మట్టిలోనే ఉంది. కొత్త బాంబు పేలినప్పుడు వచ్చే అలకు ఆ ధూళి అంతా మళ్లీ గాల్లోకి లేస్తుంది. కందకంలో ఉన్నవాడు దాన్ని పీలుస్తాడు. మెడలో ఉన్న బ్యాడ్జ్ మాత్రం ఊపిరితిత్తుల్లోకి వెళ్లినదాన్ని చూడలేదు.

2003లో బయటపడ్డ లోపాలు

ఈ మాటే తర్వాత అధికారికంగా తేలింది. 2003లో అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ కమిటీ ఈ కార్యక్రమాన్ని తనిఖీ చేసింది. 99 మంది కేసు ఫైళ్లు తెరిచి చూసింది. సగటు డోసు కట్టే పద్ధతి చాలావరకు సరిగానే ఉందని చెప్పింది. కానీ 'గరిష్ఠంగా ఎంత తగిలి ఉండొచ్చు' అనే పై అంచనాను చాలా కేసుల్లో తక్కువగా చూపించారని తేల్చింది. పేలుడు అలకు మళ్లీ లేచే ధూళిని పట్టించుకోలేదంది. అనుమానం ఉన్నచోట సైనికుడి వైపు మొగ్గాలని నిబంధన ఉన్నా, చాలాసార్లు అలా చేయలేదని కూడా చెప్పింది.

పై అంచనా ఎందుకంత ముఖ్యం? చట్టం ప్రకారం పరిహారానికి చూసేది సగటు కాదు. కచ్చితంగా తెలియని లెక్క కాబట్టి, 'ఇంతకు మించి ఉండే అవకాశం చాలా తక్కువ' అనే పై హద్దును తీసుకుని దరఖాస్తుదారుకు మేలు చేయాలి. ఆ హద్దునే తగ్గించేస్తే మేలు ఎక్కడిది?

అయితే అదే కమిటీ ఇంకో చేదు నిజమూ చెప్పింది. లెక్కలు సరిదిద్దినా చాలామందికి ఫలితం మారకపోవచ్చని. కారణం క్యాన్సర్ స్వభావమే. అమెరికా సైన్స్ అకాడమీ అంచనా ప్రకారం 100 మందిలో 42 మందికి జీవితకాలంలో ఎలాగూ క్యాన్సర్ వస్తుంది. ఆ వంద మందికీ 100 మిల్లీసీవర్టులు, అంటే 10 రెమ్ తగిలితే అదనంగా వచ్చేది ఒక్క కేసు. ఆ 43 మందిలో రేడియేషన్ వల్ల వచ్చిందెవరికో ఏ పరీక్షా చెప్పలేదు. ఇలాంటి చోట 'రేడియేషన్ వల్ల వచ్చే అవకాశం కనీసం సగానికి సగం ఉంది' అని నిరూపించాలంటే, మామూలు క్యాన్సర్లకు చాలా పెద్ద డోసు కావాలి. చాలామంది ఫైళ్లలో ఉన్నది ఒకటి రెండు రెమ్ మాత్రమే.

డోసు అడగని దారి కూడా ఉంది

ఈ చిక్కు చూసే 1988లో అమెరికా మరో చట్టం తెచ్చింది. కొన్ని క్యాన్సర్ల జాబితా పెట్టి, పరీక్షలో పాల్గొన్నట్లు రుజువైతే చాలు, డోసు చూపించక్కర్లేదు అంది. మొదట 13 క్యాన్సర్లుండేవి. తర్వాత 21కి పెంచారు. లుకేమియా, థైరాయిడ్, ఊపిరితిత్తుల క్యాన్సర్ లాంటివి ఇందులో ఉన్నాయి. ప్రోస్టేట్, చర్మ క్యాన్సర్లు లేవు. వయసు మళ్లిన మగవాళ్లలో ఎక్కువగా కనిపించేవే ఆ రెండూ. కాబట్టి ఆ జబ్బులు వచ్చినవాళ్లు మళ్లీ డోసు లెక్క దగ్గరికే రావాలి. జబ్బు పేరును బట్టి ఒకరికి తలుపు తెరిచి, పక్కవాడిని లెక్కల గదిలోకి పంపడం ఏం న్యాయమని వెటరన్స్ అడుగుతూనే ఉన్నారు.

రక్తం ఏం చెబుతోంది?

కాగితాలు లేకపోతేనేం.. ఒంట్లోనే రికార్డు ఉండొచ్చు కదా? ఉంది. రేడియేషన్ తగిలినప్పుడు కణాల్లోని క్రోమోజోములు తెగి, తప్పుగా అతుక్కుంటాయి. ఒకదాని ముక్క ఇంకోదానికి అంటుకుంటుంది. ఇలాంటి మార్పులు కొన్ని దశాబ్దాల పాటు రక్తకణాల్లో ఉండిపోతాయి. రంగులు వేసి మైక్రోస్కోప్‌లో చూసి లెక్కపెట్టొచ్చు.

1957-58లో పసిఫిక్‌లో బ్రిటన్ జరిపిన 'గ్రాపుల్' పరీక్షల్లో న్యూజిలాండ్ నౌకలు కూడా ఉన్నాయి. ఆ నావికుల్లో 50 మంది రక్తాన్ని మాసీ యూనివర్సిటీ పరిశోధకులు పరీక్షించారు. పరీక్షలకు వెళ్లనివాళ్లతో పోలిస్తే వీళ్లలో ఈ అతుకుల సంఖ్య దాదాపు మూడు రెట్లు కనిపించింది. వెటరన్స్‌కు ఇది పెద్ద ఊరట. కానీ తర్వాత బ్రిటన్‌లో మాజీ సైనికుల కుటుంబాల మీద చేసిన అధ్యయనంలో అలాంటి తేడా కనిపించలేదు. వయసు, సిగరెట్లు, ఎక్స్-రేలు, స్కాన్‌లు కూడా క్రోమోజోముల మీద గుర్తులు వదులుతాయి. 80 ఏళ్ల మనిషి రక్తంలో ఏ గుర్తు ఎక్కడిదో విడదీయడం అంత తేలిక కాదు. అమెరికాలో 12 మంది అటామిక్ వెటరన్స్ రక్తాన్ని పరీక్షించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో మాత్రం కాగితాల మీద కట్టిన డోసుకు, రక్తం చెప్పిన డోసుకు మంచి పొంతన కుదిరింది. 12 మంది అంటే చిన్న సంఖ్యే. అయినా రెండు వేర్వేరు దారుల్లో వచ్చి ఒకేచోట కలవడం విశేషం.

మరి స్మోకీ లుకేమియా కేసుల సంగతేంటి? ఆ తర్వాత పెద్ద అధ్యయనాలు జరిగాయి. 1980ల్లో చేసిన ఒక అధ్యయనంలో పాల్గొన్నవాళ్ల జాబితాయే తప్పని తేలడంతో మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. సుమారు 70 వేల మందితో చేసిన ఆ రెండో అధ్యయనంలో లుకేమియా మరణాలు 14 శాతం ఎక్కువ కనిపించాయి. అయితే అది యాదృచ్ఛికం కూడా కావొచ్చన్నారు. 8 పరీక్షల సిరీస్‌లకు చెందిన 1,14,270 మందిని 65 ఏళ్ల దాకా అనుసరించిన తాజా అధ్యయనంలో రేడియేషన్ డోసుకు, మరణాలకు గణాంకపరంగా సంబంధం కనిపించలేదు.

దీన్నిబట్టి ఎవరికీ ఏమీ కాలేదని అనుకోవడం తప్పు. లక్ష మంది సగటులో కనిపించనిది ఒక చిన్న గుంపులో ఉండొచ్చు. బికినీలో నౌక అడుగు గీకినవాడి డోసూ, 20 మైళ్ల అవతల డెక్ మీద నిలబడి చూసినవాడి డోసూ ఒకటి కాదు.

ఇప్పుడు పరిస్థితి ఏంటి?

పరీక్షల్లో ప్రత్యక్షంగా పాల్గొన్నవాళ్లకు ఏకమొత్తంగా 75 వేల డాలర్లు ఇచ్చే 'రెకా' చట్టం 2024 జూన్‌లో గడువు తీరి ఆగిపోయింది. 2025 జులైలో దాన్ని మళ్లీ తెచ్చారు. మొత్తాన్ని లక్ష డాలర్లకు పెంచారు. మన లెక్కలో 80 లక్షల రూపాయల పైమాటే. ఇక్కడ కూడా డోసు అడగరు.. జాబితాలో ఉన్న జబ్బు, పరీక్షలో పాల్గొన్నట్లు రుజువు ఉంటే చాలు. 2022లో వచ్చిన ప్యాక్ట్ చట్టం మరికొందరినీ కలిపింది. పరీక్షలు అయిపోయాక 1977-80 మధ్య ఎనివెటాక్ దీవుల్లో రేడియోధార్మిక మట్టిని ఎత్తిపోసిన సైనికులకు, 1966లో స్పెయిన్‌లోని పాలొమరెస్‌లో అణుబాంబులతో కూలిన బీ-52 విమానం శకలాలను శుభ్రం చేసినవాళ్లకు కూడా జాబితా వర్తిస్తోంది. అంతకుముందు వీళ్లంతా డోసు లెక్కలతోనే కుస్తీ పట్టారు.

బ్రిటన్‌లో దాదాపు 22 వేల మంది సైనికులు ఇలాంటి పరీక్షల్లో పాల్గొన్నారు. 2022లో వాళ్లకు మెడల్ ప్రకటించారు. తమకు అప్పట్లో చేసిన రక్త, మూత్ర పరీక్షల రిపోర్టులు బయటపెట్టాలని వాళ్లు ఇప్పటికీ పోరాడుతున్నారు. ఆ కాగితాలు చేతికొస్తే డోసు లెక్కను మళ్లీ కట్టొచ్చన్నది వాళ్ల ఆశ.

అమెరికాలో రెకా దరఖాస్తులకు చివరి తేదీ 2027 డిసెంబర్ 31. సైనికుడు చనిపోయి ఉంటే భార్య, ఆమె కూడా లేకపోతే పిల్లలు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆయన ఆ రోజు అక్కడున్నట్లు చూపించే ఒక్క కాగితం దొరికితే చాలు.